రాజనర్సయ్య సార్ రాసింది

మా ఆయన ఉన్నన్నాళ్లూ నేను నాలుగున్నరకు లేచేదాన్ని. ఆరున్నరకల్లా ఆయన అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ షట్టరు ఎత్తాలి. ఏడింటికి మొదటి బ్యాచి. ఆ లోపలే కుర్చీలు సర్ది, ఏసీ వేసి, నీళ్ల క్యాను నాలుగో అంతస్తుకు మోసి ఉంచాలి. నేను రెండు జొన్నరొట్టెలు, కూర, పెరుగన్నం డబ్బాలో పెట్టి ఇస్తే, చంకన పెట్టుకుని ఎస్.ఆర్. నగర్ సందుల్లోంచి నడిచి పోయేవాడు. ఆయన చనిపోయాక కూడా నాకు మెలకువ ఆ వేళకే వచ్చింది. పొయ్యి మాత్రం ముట్టించలేదు. ముఖం కడుక్కుని, బీరువాలోంచి కాగితాల కట్ట తీసి, చాప మీద కూర్చుని, నల్లపెన్నుతో ఆయన పేరు రాశాను. రోజుకు పది కాగితాలు. అంతకు మించితే వేళ్లు నొప్పి పుట్టి అక్షరం వంకరపోయేది. వంకరపోకూడదు. జిరాక్సులో చక్కగా పడాలి. నెల రోజులు అదే నా పొద్దుటి పని.

ఎందుకు రాశానో తెలియాలంటే ఆయన ఎవరో తెలియాలి.

మా ఆయన పేరు రాజనర్సయ్య. జనగామ పక్క పల్లె. వాళ్ల నాయన ఇటుకలు కోసేవాడు. ఇంటర్ దాకా చదివి, తొంభై ఆరులో నన్ను తీసుకుని పట్నం వచ్చాడు. అప్పుడప్పుడే అమీర్‌పేటలో సందుకో కంప్యూటర్ కోచింగ్ లేస్తోంది. హనుమత్ప్రసాద్ సార్ అని కోస్తా దిక్కు నుంచి వచ్చినాయన జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. అందులో అటెండరుగా చేరాడు మా ఆయన. చేరినప్పుడు జావా అంటే ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆయన పని బోర్డు పక్కన నిలబడటం. సార్ పెన్ను అయిపోతే ఇంకో పెన్ను ఇవ్వాలి, చెప్పగానే బోర్డు తుడవాలి. అట్లా పదేళ్లు నిలబడ్డాడు, అదే పాఠం రోజుకు నాలుగు బ్యాచులకు. విని విని ఆ చదువు ఆయనకు వంటబట్టింది. అది ఒక ఎత్తు. ఇంకొకటుంది. సార్ బోర్డు వైపు తిరిగి చెప్తాడు. మా ఆయన ఏమో పిల్లల వైపు తిరిగి నిలబడేవాడు. నూట ఇరవై ముఖాలు. ఏ మాట దగ్గర పెన్నులు ఆగుతున్నాయి, ఏ మాట దగ్గర పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తున్నారు, అన్నీ ఆయనకు కనపడేవి.

చేతిరాత ముత్యాల్లా ఉండేది. అది చూసి సార్ ఒకనాడు, బోర్డు మీద నేను రాసేదంతా నువ్వు కాగితాల మీద రాయి, జిరాక్సు తీసి పిల్లలకిద్దాం అన్నాడు. అట్లా మొదలైంది నోట్సు. పైన హనుమత్ప్రసాద్ సార్ నోట్స్ అని పేరు. రెండేళ్లలో అమీర్‌పేట సందుల్లో ఏ జిరాక్సు షాపుకు పోయినా దారంతో కట్టిన ఆ కట్టలే. జావా నేర్వాలంటే ఆ నోట్సే చదవాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. రాసింది సారేనని అందరూ అనుకునేవాళ్లు.

కానీ బోర్డు మీద లేనిది ఆ నోట్సులో ఉండేది. పిల్లల పెన్నులు ఆగిన ప్రతిచోటా మా ఆయన చిన్న సున్న చుట్టి, పక్కన 'ఆగు' అని రాసి, కింద రెండు వరుసల్లో తెలుగులో విప్పి చెప్పేవాడు. జావాలో క్లాసు అంటే ఇటుక అచ్చు, ఆబ్జెక్టు అంటే ఆ అచ్చులో పోసిన ఇటుక, అచ్చు ఒక్కటే ఇటుకలు ఎన్నైనా అని రాశాడు ఒకచోట. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు అది చదివి తలలు ఊపేవాళ్లు. క్లాసు అయ్యాక కింద చాయ్ బండి దగ్గర ఆయన చుట్టూ మూగేవాళ్లు. ఆయన చెప్పి చెప్పి, చివరికి "సమజైందా?" అనేవాడు. అయిందన్నాకే చాయ్ తాగేవాడు.

ఇదంతా తనకున్న విద్య అని ఆయనకు తెలియదు. అడిగితే, నాదేముందే, సార్ చెప్పింది రాస్త అనేవాడు. సార్ ముందు నిలబడితే ఆయన భుజాలు ముందుకు వంగిపోయేవి. ఇంటికొచ్చినా ఆ వంపు పోయేది కాదు.

ఆ చాయ్ బండి దగ్గర నేర్చుకున్నవాళ్లలో రాకేశ్ ఒకడు. కరీంనగర్ పిల్లవాడు. మూడు ఇంటర్వ్యూలు పోయి హాస్టల్లో ముసుగుతన్ని పడుకుంటే మా ఆయన లేపి కూర్చోబెట్టి నేర్పాడు. పంజాగుట్టలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మూడేళ్లలో పదిమందికి పెద్దయ్యాడు. రెండువేల ఆరు ఎండాకాలంలో ఒకరోజు మా ఇంటికి వచ్చి, కంపెనీలో కొత్తగా చేరేవాళ్లకు నేర్పే మనిషి కావాలంటున్నారు, నువ్వు రా అన్నా అన్నాడు. మా ఆయన నవ్వాడు. రాకేశ్ నవ్వలేదు. ఒక ఫారం చాప మీద పెట్టి పోయాడు. అందులో ఒకచోట ఐదు గీతలు. మీ బలాలు ఐదు రాయండి అని.

ఆ సాయంత్రం ఆ ఐదు గీతల ముందు ఆయన పరీక్ష రాసేవాడిలా కూర్చున్నాడు.

"నా బలం ఏందే చిలకా?" అని అడిగాడు.

"నీళ్ల క్యాను నాలుగో అంతస్తు దాక మోస్తవు," అన్నాను.

నవ్వి, పెన్ను కింద పెట్టబోయాడు. అప్పుడు నేను ఉన్నమాట చెప్పాను. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. పెళ్లయ్యాక ఇంగ్లీషు అక్షరాలు ఆయనే నేర్పాడు. "నేను ఏడ ఆగుతనో నాకంటె ముందుగాల్నే నీకెర్కయ్యేది. నన్ను ఒక్కనాడు సుత మొద్దు అనలే నువ్వు. అది రాయి," అన్నాను.

పెన్ను సరిచేసి పట్టుకుని, ఇంగ్లీషులో ఒక వరుస రాశాడు. ఎదుటి మనిషికి ఎక్కడ సమజ్ కాలేదో నాకు తెలుస్తుంది అని దాని అర్థం. మిగతా నాలుగు గీతలూ ఖాళీ. ఒక్కటి సాలుతదా అన్నాడు. అది ఒక్కటే ఐదింటి పెట్టు అన్నాను.

తరువాత వారం రోజులు నేను కంపెనీ మేడమ్‌ను. ముక్కాలిపీట మీద కూర్చుని, కూర్చోండి సార్, మీ బలం ఏమిటి సార్ అని అడిగేదాన్ని. ఆయనను సార్ అని పిలిచిన మొదటి మనిషిని నేనే. మొదటిరోజు నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండోరోజు గొంతు సవరించుకుని చెప్పాడు. నాలుగో రోజుకు వీపు నిలువుగా పెట్టి కూర్చున్నాడు. పదేళ్లలో ఆ వీపు నిలువుగా నేను చూసింది ఆ వారమే.

పంజాగుట్ట కంపెనీ ఆయనతో మాట్లాడింది, నచ్చాడంది. ఒక్క కాగితం తెమ్మంది. పిల్లల సందేహాలు తీర్చేవాడు, నోట్సు తయారుచేసేవాడు అని ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక్క వరుస. అంతే.

ఒక్క వరుస కోసం మా ఆయన ఫారం పట్టుకుని సార్ గదికి పోలేదు, క్లాసు అయిపోతుండగా బోర్డు దగ్గరే అడిగాడు. అది ఆయన చేసిన తప్పు. సార్ ఫారం తీసుకుని నూట ఇరవైమంది ముందు పైకి చదివాడు. చదివి, "ఏంటి నర్సయ్యా, కంపెనీకెళ్లి 'సమజైందా' అని అడుగుతావా? ముందు ఆ బోర్డు తుడువు," అన్నాడు. పిల్లలు నవ్వారట. చాయ్ బండి దగ్గర మూగినవాళ్లు కూడా నవ్వారట. మా ఆయన బోర్డు తుడిచాడు.

కాగితం మాత్రం ఇచ్చాడు సార్. పదేళ్లుగా అటెండరు, నెమ్మదస్తుడు, చెప్పినమాట వింటాడు అని. అది చూసి కంపెనీ వాళ్లు మేమేం చేయగలం అన్నారు. రాకేశ్ ఎంత మొత్తుకున్నా కాలేదు.

ఆ తరువాత మా ఆయన చాయ్ బండి దగ్గర నోరు విప్పలేదు. ఎవరడిగినా, నాకేం ఎర్క బిడ్డా, సార్‌ను అడుగు అనేవాడు. నోట్సు మాత్రం మానలేదు. ఆ ఏడు కోర్సు మారితే రెండో సగమంతా ఇంట్లో కూర్చుని తిరగరాశాడు. క్లాసులో ఆ మాట పడ్డ సరిగ్గా నలభై రోజులకు, నీళ్ల క్యాను భుజం మీద పెట్టుకుని మెట్లెక్కుతూ మూడో అంతస్తులో కూలబడ్డాడు. గుండె అన్నాడు డాక్టరు. డాక్టరు మాట నేను కాదనను. గుండె ఎక్కడ పగిలిందో మాత్రం డాక్టరుకంటే నాకే బాగా తెలుసు.

సార్ దండ పట్టుకొచ్చాడు. మంచి అటెండర్ని పోగొట్టుకున్నాం అన్నాడు. చెవి దగ్గరి ఫోను తీయకుండానే అన్నాడు.

దినాలు అయిన మర్నాడే నోట్సు అసలు ప్రతి కోసం మనిషిని పంపాడు. అసలు ప్రతి మా ఇంట్లోనే ఉండేది. ప్రతి బ్యాచి తరువాతా మా ఆయన అందులో కొత్తగా 'ఆగు'లు చేర్చేవాడు కాబట్టి జిరాక్సు అయ్యాక ఇంటికి తెచ్చుకునేవాడు. మూడు వందల పన్నెండు కాగితాలు. పాత జిరాక్సులు వెలిసిపోయాయి, కొత్త సగానికి జిరాక్సే పడలేదు. అది లేకుండా సార్‌కు బ్యాచి నడవదు.

వచ్చిన మనిషితో నేను నెమ్మదిగా చెప్పాను. మా దిక్కు ఒక ఆచారం ఉంది, నెల మాసికం అయ్యేదాకా పోయిన మనిషి చేతి వస్తువు గడప దాటదు, దాటితే తీసుకున్న ఇంటికి మంచిది కాదు. సార్ భయపడ్డాడు. తెలంగాణవాళ్ల ఆచారాలు మనకెందుకు, నెల ఆగుదాం అన్నాడట. పదేళ్లు మా మాటను వెక్కిరించిన మనిషి మా ఆచారం ఏమిటో ఒక్కరిని అడగలేదు. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు. అటువంటి ఆచారం మా దిక్కు ఎక్కడా లేదు. ఆ పొద్దు నేను పుట్టించింది.

ఆ నెలలోనే పేరు రాశాను. కాగితం అంచున రాస్తే కత్తిరిస్తారు. కింద రాస్తే జిరాక్సులో మూసేస్తారు. అందుకని ప్రతి 'ఆగు' పక్కనే, వరుసకూ వరుసకూ మధ్య, తెలుగులో రాశాను. రాజనర్సయ్య సార్ రాసింది. పేరు చెరిపితే పాఠం కూడా చెరుగుతుంది. మీలో ఎవరైనా ఇంకొకరి పేరు మీద పని చేస్తుంటే నేను చెప్పేది ఒక్కటే. ఐదు గీతల్లో ఒక్క గీత నిండినా చాలు, అది మీది. ఆ పని మీద మీ పేరు మీరే రాసుకోండి. బతికుండగానే రాసుకోండి. తరువాత ఎవరో రాయడం వేరు.

మాసికం అయిన మర్నాడు మొదటి సగం ఇచ్చాను. రెండో సగం బీరువాలోనే పెట్టుకున్నాను. సార్ పుట తిప్పి చూడడని నాకు తెలుసు. తన పేరున్న నోట్సు పదేళ్లలో ఒక్కసారీ చదవలేదు. కట్ట నేరుగా జిరాక్సు షాపు కనకయ్య దగ్గరికి పోయింది. కనకయ్య మా ఊళ్ల దిక్కువాడే. మొదటి కాగితం మిషను మీద పెట్టగానే చూశాడు. చూసి, మూత వేసి, నూట ఇరవై ప్రతులు తీశాడు. ఆ సాయంత్రం వచ్చి చెప్పాడు.

"వదినె, ఇంకొంచెం నల్లగ పడేటట్టు పెట్టిన," అన్నాడు.

మూడో రోజు క్లాసులో ఒక ఆడపిల్ల లేచి, రాజనర్సయ్య సార్ ఎవరు సార్, ఆయన క్లాసు ఎప్పుడుంటది అని అడిగిందట. సార్‌కు మొదట సమజ్ కాలేదు. కాగితం తీసుకుని చూశాక అయింది. పాత బ్యాచివాళ్లు చెప్పనే చెప్పారు, బోర్డు తుడిచిన నర్సన్నే అని. వారంలో ఆ మాట హాస్టళ్లన్నీ తిరిగింది. ఇద్దరు ముగ్గురు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, రాజనర్సయ్య సార్ ఉన్నారా అని అడిగారు. గోడ మీది ఫొటో చూపించాను.

ఆ ఆదివారం సార్ వచ్చాడు. ఆపిల్ పండ్లు తెచ్చాడు. ఎప్పుడూ నర్సయ్య భార్య అనేవాడు, ఆరోజు చిలకమ్మగారూ అన్నాడు. కుర్చీ వేశాను. మంచినీళ్లు అడగలేదు, నేను ఇవ్వలేదు.

"ఏంటండీ ఇది?" అన్నాడు. "నన్ను పిల్లల ముందు దొంగని చేశారు."

"నేను ఒక్క పేరే రాసిన సార్. దొంగ అని ఏడ రాయలే."

ఆయన ముఖం ఎర్రబడింది. బ్యాచి సగంలో ఉందని, రెండో సగం లేకపోతే పిల్లలు పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోతారని, ఏదైనా చూసి చేస్తానని చాలా చెప్పాడు. నేను విన్నాను. అన్నీ అయ్యాక నాకేం వద్దన్నాను.

"ఒక్క వరుస రాసియ్యండి సార్. అప్పుడు మా ఆయన అడిగింది."

"ఇప్పుడెందుకమ్మా అది? ఆయనే లేడు కదా."

"ఆయన లేడు. వరుస ఉంటది."

సార్ కుర్చీలోంచి లేచాడు. రాసిస్తాను, కానీ రెండో సగంలో ఆ పేరు ఉండకూడదు అన్నాడు. మర్నాడు ఇన్‌స్టిట్యూట్ కాగితం మీద సంతకం, ముద్రతో ఉత్తరం తెచ్చాడు. దానితోపాటు తెల్లరంగు సీసాలు ఆరు, రాసినది చెరిపే వైట్‌నర్. ఆఫీసులో ఎవరికైనా ఇస్తే చూస్తారు, బాగోదు, మీరే రాశారు కాబట్టి మీరే జాగ్రత్తగా పేరు మీద పూయండి, పాఠం చెడకూడదు, వచ్చే సోమవారం పొద్దున కట్ట జిరాక్సుకు పోవాలి అని చెప్పాడు.

"అక్కడ పెట్టిపోండి సార్," అన్నాను.

చేస్తానని నేను అనలేదు. ఆయన అట్లా విన్నాడు. ఎదుటి మనిషి ఏమంటున్నాడో ఆయనకు ఎప్పుడూ వినపడేది కాదు.

సాయంత్రం రాకేశ్‌ను పిలిపించి ఆ ఉత్తరం తెలుగులో చెప్పమన్నాను. రాజనర్సయ్యగారు మా సంస్థలో పదేళ్లు విద్యార్థుల సందేహాలు తీర్చారు, మా జావా నోట్సు పూర్తిగా ఆయన తయారుచేసినదే అని ఉంది. రాకేశ్ రెండోసారి చదువుతూ మధ్యలో ఆగి ముఖం అటు తిప్పుకున్నాడు. నేను ఏడవలేదు. నా కడుపులో ఉన్నది ఏడుపు కాదు.

"వదినె, గిది ఇప్పుడు ఎవరికిస్తవు?" అని అడిగాడు.

"అందరికిస్త," అన్నాను.

ఈరోజు సోమవారం. ఆరింటికి కనకయ్య స్కూటరు మీద వచ్చాడు. రెండో సగం కట్ట ఇచ్చాను. పైన మొదటి కాగితంగా సార్ ఉత్తరం పెట్టాను, ముద్ర స్పష్టంగా పడేటట్టు చూడమన్నాను. కనకయ్య అది చదివి, మస్తుగ పడ్తది వదినె, ఫికర్ చెయ్యకు అని కట్టను ఒళ్లో పెట్టుకుని పోయాడు. ఆరున్నరకు ఫోను మోగింది. సార్. అయిందా అమ్మా అన్నాడు. కట్ట కనకయ్య తీసుకుపోయిండు సార్ అన్నాను. హమ్మయ్య, చాలా శ్రమపడ్డారు అన్నాడు. పెట్టేశాను.

పది గంటలకు నూట ఇరవైమంది చేతుల్లో ఆ ఉత్తరం ఉంటుంది. వెనక ప్రతి కాగితం మీదా ఆయన పేరు ఉంటుంది. వైట్‌నర్ సీసాలు ఆరూ సార్ పెట్టిన చోటే, కుర్చీ పక్కన కిటికీలో ఉన్నాయి. ఒక్కదాని మూత కూడా తీయలేదు.